షేర్ ధర బోలింజర్ పై బ్యాండ్‌ని తాకింది, ఆర్‌ఎస్‌ఐ 70 దాటింది, అయినా ఎందుకు పడలేదు?

ప్రశ్న:
చార్టులు చూడటం మొదలుపెట్టి నాలుగు నెలలవుతోంది. బోలింజర్ బ్యాండ్స్ (ధరకి పైన, కింద, మధ్యలో గీసే మూడు గీతలు), ఆర్‌ఎస్‌ఐ (ఈమధ్య ధర ఎంత జోరుగా పెరిగిందో 0 నుంచి 100 మధ్య చూపే అంకె, 70 దాటితే అతిగా పెరిగిందంటారు) పెట్టుకుని చూస్తున్నా. ఈమధ్య ఒక షేర్ ధర పై బ్యాండ్‌ని తాకింది, అదే రోజు ఆర్‌ఎస్‌ఐ 74 చూపించింది, రెండూ ఒకే మాట చెబుతున్నాయి కదా ఇక పడటం ఖాయం అనుకుని ఉన్నదంతా అమ్మేశా. తర్వాత తొమ్మిది రోజులు ధర ఆ బ్యాండ్‌ని అంటిపెట్టుకునే పైకి పోయింది. ఇప్పుడు చార్ట్ తెరవాలంటేనే టెన్షన్. సెట్టింగ్స్ తప్పా, లేక కెల్ట్‌నర్, డాంచియన్ లాంటి వేరే ఛానెల్ (ఇలాగే ధరకి పైన, కింద గీసే గీతలు) వాడాలా?

జవాబు 1:
సెట్టింగ్స్ తప్పేం లేదండి. ఆ గీత దేనితో తయారవుతుందో ఒకసారి చూడండి. బోలింజర్‌లో మధ్య గీత గత 20 ముగింపు ధరల సగటు, దానికి పైన, కింద రెండేసి స్టాండర్డ్ డీవియేషన్ల (ధరలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) దూరంలో మిగతా రెండు గీతలు. సగటు 100, డీవియేషన్ 3 అనుకుంటే పైది 106, కిందిది 94. రేపు ధర 108 దగ్గర ముగిసిందనుకోండి, ఆ 108 కూడా లెక్కలోకి వెళ్తుంది, దాంతో గీతే పైకి జరుగుతుంది. మీరు గోడ అనుకున్నది ధరతో పాటే నడుస్తోంది.

ఇక రెండూ ఒకే మాట చెప్పాయన్నారు, నేనూ మొదట్లో అక్కడే దెబ్బతిన్నా. ఆర్‌ఎస్‌ఐ పుట్టేది కూడా ఆ ముగింపు ధరల్లోంచే. 14 రోజుల సగటు పెరుగుదల సగటు తగ్గుదలకి నాలుగు రెట్లుంటే 80 వస్తుంది, అందులో ఉన్నది అంతే. ఒకే మనిషిని రెండుసార్లు అడిగి ఇద్దరు సాక్షులున్నారనుకోవడం లాంటిది ఇది. 70 దాటిందంటే ఈమధ్య పెరుగుదల జోరుగా ఉందని అర్థం, రేపు పడుతుందని కాదు.

జవాబు 2:
ఛానెల్ మార్చినంత మాత్రాన సమస్య తీరదు, కానీ డాంచియన్ చూస్తే మీ సందేహం సగం తీరుతుంది. అది గత 20 రోజుల గరిష్ఠం, కనిష్ఠం, మధ్యలో వేరే లెక్కేమీ లేదు. 1983లో రిచర్డ్ డెన్నిస్ అనే ట్రేడర్ శిక్షణ ఇచ్చిన, టర్టిల్స్ అని పేరుపడ్డ కొత్త ట్రేడర్లు ధర 20 రోజుల గరిష్ఠం దాటితే కొనేవాళ్లు, అంటే మీరు అమ్మినలాంటి చోటే వాళ్లు కొన్నారు. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈరోజు క్యాండిల్‌ని (చార్టులో ఒక రోజు ధరల కదలికని చూపే గుర్తు) కూడా కలుపుకుని గీస్తే ధర ఆ గీతని ఎప్పటికీ దాటలేదు, కాబట్టి నిన్నటి వరకు ఉన్న విలువతోనే పోల్చాలి.

కెల్ట్‌నర్ వెడల్పు ఏటీఆర్‌ని, అంటే రోజువారీ ధర ఊగిసలాట సగటుని బట్టి ఉంటుంది, కాబట్టి బోలింజర్ అంత చటుక్కున విచ్చుకోదు. ధరల మధ్యగా ఒక తిన్నని వాలు గీత గీసే రిగ్రెషన్ ఛానెల్‌తో మాత్రం జాగ్రత్త, కొత్త క్యాండిల్ వచ్చినప్పుడల్లా అది మొత్తం మళ్లీ గీసుకుంటుంది, అందుకే పాత చార్టులో ప్రతి మలుపునీ సరిగ్గా పట్టుకున్నట్టు కనిపిస్తుంది. ఆ రోజు ఆ గీత అక్కడ లేనే లేదు!

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇందాక అదే చార్టులో పై బ్యాండ్ తాకిన చోట్లన్నీ వెనక్కి వెళ్లి ఒక్కొక్కటే చూశా. ధర వెనక్కి తగ్గిన చోట్ల ఎక్కువగా మధ్య గీత బల్లపరుపుగా ఉంది. నేను అమ్మిన రోజు అది ఏటవాలుగా పైకి పోతోంది, ఆరోజు దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు. అంటే ముందు మధ్య గీత వాలు చూసి ఆ తర్వాతే అంచు సంగతి చూడాలా?

జవాబు 1:
అవునండి, ముందు అదే. కాకపోతే ఒక్క చార్టు చూసి రూల్ పెట్టేసుకోకండి. ఇంకో నాలుగైదు చార్టుల్లో కుడివైపు మూసేసి ఒక్కో క్యాండిల్ జరుపుతూ చూడండి, తర్వాత ఏమైందో ముందే కనిపిస్తుంటే మన కన్ను మనల్నే మోసం చేస్తుంది.