డెలివరీలో ప్రమాదం, పైగా ఐడీ ఆపేశారు: ఎవరిని అడగాలి?

ప్రశ్న (భీమవరం):
మా తమ్ముడు ఫుడ్ డెలివరీ చేస్తాడు. పోయిన నెల ఉండి ఊరి రోడ్డులో బిర్యానీ పార్శిల్ తీసుకెళ్తుంటే చేపల ట్రేల వ్యాను తగిలి భుజం ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఉండి ఆర్డర్లు తీసుకోలేదని ఐడీ ఆపేశారు. యాప్‌లో ఎన్నిసార్లు ఫిర్యాదు పెట్టినా అదే జవాబు, అక్షరం తేడా లేదు. లేబర్ ఆఫీసుకు వెళ్లమంటారా?

జవాబు (తణుకు, కార్మిక శాఖలో చేసి రిటైరయ్యాను):
అమ్మా, ముందు పోలీస్ స్టేషన్. వ్యాను మీద ఎఫ్ఐఆర్ అయిందా? కాకపోతే ఈరోజే వెళ్లండి. మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్లో పరిహారం అడిగేటప్పుడు మీ తమ్ముడు ఉద్యోగా కాదా అన్న పేచీ ఉండదు. మీరు నివసించే ప్రాంతంలోని ట్రైబ్యునల్లోనే వేయవచ్చు. చట్టం ఇచ్చిన గడువు ఆరు నెలలు. ఎఫ్ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్, ఆసుపత్రి బిల్లులు దగ్గర పెట్టుకోండి. కంపెనీ తరఫున ప్రమాద బీమా ఉందేమో కూడా చూడండి. ఆర్డరు చేతిలో ఉండగా జరిగితేనే వర్తించే పాలసీలు ఉంటాయి, కాబట్టి ఆ ఆర్డరు నంబరు జాగ్రత్త.

ప్రశ్న (భీమవరం):
ఎఫ్ఐఆర్ అయింది బాబాయ్ గారూ. సంపాదన రుజువు అడుగుతున్నారు. యాప్ తెరుచుకుంటే కదా!

జవాబు (తణుకు):
బ్యాంకుకు వెళ్లి ఏడాది స్టేట్‌మెంటు తీసుకోండి. కంపెనీ వేసిన జమలు అందులో ఉంటాయి. ఫోనుకు వచ్చిన మెసేజీలు తుడిచేయవద్దు.

ఇక లేబర్ ఆఫీసు సంగతి. కేంద్రం 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్ అనే చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. గిగ్, ప్లాట్‌ఫాం కార్మికులు, అంటే మీ తమ్ముడిలా యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్లు, అందులో ఉన్నారు గాని, ఉద్యోగులుగా కాదు. అందుకే ఐడీ ఆపినా ఉద్యోగం పీకేసిన కేసులా నడపడం కష్టం. కర్ణాటక 2025లో చేసిన సొంత చట్టంలో తొలగించే ముందు 14 రోజుల నోటీసు, రాతపూర్వకంగా కారణం ఇవ్వాలని ఉంది. అది వాళ్లకే, మనకు పనికిరాదు. అయినా రాతపూర్వకంగా కారణం అడుగుతూ కంపెనీకి ఈమెయిల్ పంపండి. రేపు ఎక్కడికి వెళ్లినా ఆ కాగితమే ముందు అడుగుతారు.

మరో సభ్యురాలు (నరసాపురం):
మా అమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసేది. కూలి కోస్తే అందరూ కలిసి మేస్త్రీ ఇంటి ముందు కూర్చునేవారు. ఈ యాప్‌కు ఇల్లెక్కడ?

మరో సభ్యుడు (పాలకొల్లు):
కంపెనీలు ఒకటి రెండు శాతం కట్టాలట కదా, అది మా ఖాతాలో పడుతుందా?

జవాబు (తణుకు):
పడదు. వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, అదీ కార్మికులకు చెల్లించేదానిలో 5 శాతం మించకుండా, సామాజిక భద్రతా నిధికి కడతారు. ఆ నిధి నుంచి బీమా, ఆరోగ్యం వంటి పథకాలు రావాలి. అవి వచ్చినప్పుడు పేరు ఉండాలంటే ఈ-శ్రమ్ అనే కేంద్రం వారి కార్మికుల వెబ్‌సైటులో నమోదు కావాలి. ఆధార్, దానికి కలిపిన ఫోను నంబరు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ఇంటి దగ్గరే చేసుకోవచ్చు, ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

మరో సభ్యుడు (పాలకొల్లు):
నేను రెండు యాప్‌లకు తిరుగుతాను. ఆ పథకాలకు అర్హత రావడానికి పనిచేసిన రోజులు ఎలా లెక్కిస్తారు?

జవాబు (తణుకు):
2025 డిసెంబరు చివర కేంద్రం ఇచ్చిన ముసాయిదా నిబంధనల ప్రకారం ఏడాదిలో ఒకే కంపెనీకైతే 90 రోజులు, వేర్వేరు కంపెనీలకైతే మొత్తం 120. ఒకే రోజు రెండింటికీ పనిచేస్తే రెండు రోజులుగా లెక్క. రెండు యాప్‌లలోనూ నెలనెలా సంపాదన పేజీ ఫొటో తీసి పెట్టుకో బాబూ, ఐడీ నడుస్తున్నప్పుడే.