పీసీఓఎస్ ఉన్నవాళ్ళు ప్రెగ్నెన్సీకి ముందు బరువు తగ్గే ఇంజెక్షన్ తీసుకోవచ్చా?

చిరుజల్లు:
నాకు 33 ఏళ్ళు. పీసీఓఎస్, అంటే అండం సరిగా విడుదల కాని హార్మోన్ల సమస్య ఉందని తెలిసి తొమ్మిదేళ్ళయింది. బీఎంఐ 34, అంటే ఎత్తుకి తగ్గ బరువు కంటే బాగా ఎక్కువే. పీరియడ్స్ రెండు మూడు నెలలకోసారి వస్తాయి. ఏడాదిన్నరగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. మా డాక్టర్ గారు "ముందు సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌తో బరువు తగ్గండి, పిల్లల సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఇంకొకరిని అడిగితే "ఆ ఇంజెక్షన్ జోలికి వెళ్ళకండి, అండం విడుదలయ్యేలా చేసే లెట్రోజోల్ మాత్రలు మొదలుపెడదాం" అన్నారు. ఇద్దరూ గట్టిగానే చెప్పారు. ఎవరి మాట వినాలో తేలక నెల రోజులుగా నిద్ర పట్టడం లేదు. వాడినవాళ్ళూ, వద్దనుకున్నవాళ్ళూ మీ కారణాలు చెప్పండి.

నీలికలువ:
చెల్లీ, నేను వాడాను. పది నెలల్లో 92 కిలోల నుంచి 79కి వచ్చాను. నాలుగో నెల నుంచి పీరియడ్స్ నెలనెలా రావడం మొదలైంది. మందు ఆపి, రెండు నెలలు ఆగి, తర్వాత ప్రయత్నిస్తే మూడో నెలలో నిలిచింది. పాపకి ఇప్పుడు ఎనిమిది నెలలు.

ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటే అండాశయం మగ హార్మోన్లను ఎక్కువ తయారు చేస్తుంది, అండం పెరగడం మధ్యలోనే ఆగిపోతుంది. మనలో చాలామందికి జరిగేది ఇదే. బరువు 5 నుంచి 10 శాతం తగ్గినా కొందరికి అండం మళ్ళీ విడుదలవుతుంది. పదిహేనేళ్ళు "తిండి తగ్గించు, నడువు" అని విన్నాను. తగ్గించాను, నడిచాను కూడా. ఆకలి నా మాట విన్నది మాత్రం ఈ మందు మొదలుపెట్టాకే. దీన్ని అడ్డదారి అనేవాళ్ళు ఆ పదిహేనేళ్ళు చూడలేదు.

తెల్లకాగితం:
అక్కా, మీకు మంచి జరిగింది, మనస్ఫూర్తిగా సంతోషం. కానీ "ముందు బరువు, తర్వాత పిల్లలు" అనే మాటతోనే నాకు పేచీ. "పది కిలోలు తగ్గి రండి" అని ఒక చోట నన్ను వెనక్కి పంపారు. 35కి వెళ్ళినదాన్ని 37కి మళ్ళీ వెళ్ళాను. ఆ రెండేళ్ళలో ఏడు కిలోలు తగ్గి ఆరు పెరిగాను. అండాల నిల్వ చూపించే ఏఎంహెచ్ మాత్రం ఒకవైపే పోయింది, కిందికి. ఆ రెండేళ్ళూ నాకెవరూ తిరిగివ్వలేరు.

నెదర్లాండ్స్‌లో 577 మంది మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. అందరూ బరువు ఎక్కువ ఉండి పిల్లలు కలగనివాళ్ళే. సగం మందికి ఆరు నెలలు బరువు తగ్గించే కార్యక్రమం, మిగతావాళ్ళకి నేరుగా చికిత్స. వాళ్ళు లెక్కగట్టింది రెండేళ్ళలో మామూలు కాన్పుతో నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన ఒక్క బిడ్డని. ముందు బరువు తగ్గినవాళ్ళలో అది 27 శాతం, నేరుగా చికిత్సకి వెళ్ళినవాళ్ళలో 35 శాతం. ఇక లెట్రోజోల్ సంగతి. పీసీఓఎస్ ఉన్న 750 మంది మీద 2014లో వచ్చిన అధ్యయనంలో అది వాడినవాళ్ళలో 27.5 శాతం మందికి బిడ్డ పుట్టింది, అదే పనికి వాడే పాత మందు క్లోమిఫిన్ వాడినవాళ్ళలో 19.1 శాతం. వాళ్ళలో చాలామంది బరువు ఎక్కువ ఉన్నవాళ్ళే. పీసీఓఎస్‌పై 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా అండం విడుదలకి మొదట చెప్పేది లెట్రోజోలే. మరి ఆగమనడం ఎందుకు?

నీలికలువ:
ఆ నెదర్లాండ్స్ అధ్యయనంలో తగ్గింది సగటున నాలుగున్నర కిలోలు కూడా లేదు చెల్లీ. అది డైటు, నడక. సెమాగ్లూటైడ్ మీద 2021లో వచ్చిన పెద్ద అధ్యయనంలో 68 వారాలకి సగటున 15 శాతం దాకా తగ్గారు. పైగా మీరు చెప్పిన దాంట్లోనే, బరువు తగ్గినవాళ్ళలో చికిత్స లేకుండా సహజంగా గర్భం దాల్చినవాళ్ళు ఎక్కువ. బీఎంఐ 34తో గర్భంలో బీపీ, షుగర్ వచ్చే అవకాశమూ ఎక్కువే. నాకు కావలసింది పాజిటివ్ టెస్టు ఒక్కటే కాదు, తొమ్మిది నెలలు క్షేమంగా గడవడం కూడా.

ఫార్మసిస్ట్‌ని:
తీసుకోవాలా వద్దా అన్నది మీ డాక్టర్‌తో తేల్చుకోండి. తీసుకుంటే తప్పకుండా తెలియాల్సినవి మాత్రం చెప్తాను, ఎందుకంటే ఇవి చెప్పకుండానే మందు చేతిలో పెడుతున్న సందర్భాలు చూస్తున్నాను.

సెమాగ్లూటైడ్, అంటే ఒజెంపిక్, వెగోవీ, ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. పూర్తిగా పోవడానికి ఐదారు వారాలు. అందుకే గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపమంటారు. ఇలాంటిదే ఇంకో ఇంజెక్షన్ మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్‌కి బ్రిటన్ ఔషధ సంస్థ చెప్పే గడువు ఒక నెల.

మందు వాడుతున్నన్నాళ్ళూ గర్భనిరోధకం తప్పనిసరి. "నాకు పీరియడ్సే సరిగా రావు, గర్భం ఎలా వస్తుంది" అని పీసీఓఎస్ ఉన్నవాళ్ళు ధీమాగా ఉంటారు. బరువు తగ్గుతుంటే అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియదు, మొదటి పీరియడ్ రాకముందే గర్భం రావచ్చు. ఇంకొకటి, టిర్జెపటైడ్ కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది కాబట్టి నోటితో వేసుకునే గర్భనిరోధక మాత్ర సరిగా పనిచేయకపోవచ్చు. మొదలుపెట్టిన నాలుగు వారాలూ, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలూ కండోమ్ కూడా వాడాలి.

పొరపాటున గర్భం వస్తే వెంటనే మందు ఆపి డాక్టర్‌కి చెప్పండి. భయపడి సొంతంగా ఏ నిర్ణయమూ తీసుకోకండి. జంతువుల్లో పిండం ఎదుగుదల మీద ప్రభావం కనబడిన మాట నిజం. అయితే షుగర్ ఉన్న గర్భిణుల మీద పలు దేశాల రికార్డులతో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భం వచ్చే సమయంలో ఈ రకం మందులు వాడిన 938 మందిలో పెద్ద అవయవ లోపాలు ఇన్సులిన్ వాడినవాళ్ళకంటే ఎక్కువ కనబడలేదు. అది కొంత ఊరట. వాడుతూ ఉండొచ్చని దాని అర్థం కాదు. టోపిరమేట్ కలిసిన బరువు మందుల సంగతి వేరు, వాటితో బిడ్డకి పెదవి, అంగిలి చీలిక వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

తెల్లకాగితం:
ఆపిన తర్వాత ఏమవుతుందో కూడా చెప్పండి. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని తయారీదారు అధ్యయనమే చూపింది. ఆ ఏడాదే మనకి గర్భం వచ్చే ఏడాది. 2025లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గర్భానికి ముందో, వచ్చిన కొత్తలోనో ఈ మందు ఆపినవాళ్ళు, అసలు వాడనివాళ్ళకంటే గర్భంలో సగటున మూడు కిలోలకు పైగా ఎక్కువ బరువు పెరిగారు. నెలలు నిండని కాన్పులూ ఎక్కువే. మందే కారణమని అది తేల్చలేదు, ఒప్పుకుంటాను. కానీ "తగ్గించి పంపేద్దాం" అనే ముందు ఆలోచించాల్సిన విషయం కదా.

నీలికలువ:
నిజమే. ఆపగానే ఆకలి వరదలా వచ్చింది. ఐదో నెలకల్లా తొమ్మిది కిలోలు పెరిగాను. దాని గురించి నన్ను ఎవరూ ముందే హెచ్చరించలేదు. అయినా మళ్ళీ అదే నిర్ణయం తీసుకుంటాను.

ఫార్మసిస్ట్‌ని:
చిరుజల్లు గారూ, మీవారి వీర్య పరీక్ష అయిందా? ఈ చర్చలో ఎవరమూ అడగలేదు.

చిరుజల్లు:
లేదండీ. ఇద్దరు డాక్టర్లూ అడగలేదు, మాకూ తట్టలేదు. ఏడాదిన్నరగా తప్పంతా నా బరువుదే అనుకుంటూ కూర్చున్నాను. ఇది రాస్తుంటే కళ్ళలో నీళ్ళు వస్తున్నాయి.

ఆయనతో మాట్లాడాను. శుక్రవారం ఆయన టెస్టు, అదే రోజు నా ఏఎంహెచ్, షుగర్ టెస్టు. ఏఎంహెచ్ నా వయసుకి తక్కువగా వస్తే ఆగను, లెట్రోజోల్‌కే వెళ్తాను. బాగుంటే ఆరు నెలలు ఇంజెక్షన్ తీసుకోవాలని ఉంది. కానీ ఎప్పుడు ఆపాలి, ఆపాక ఆకలిని ఎవరు చూసుకుంటారు, బరువు అనుకున్నంత తగ్గకపోయినా ఏ తేదీకి చికిత్స మొదలుపెడతారు, ఈ మూడూ మొదటి డోసుకి ముందే డాక్టర్‌తో కాగితం మీద రాయించుకుంటాను. రిపోర్టులు రాగానే ఇక్కడే రాస్తాను.