మనిషి వస్తే అలర్ట్ వస్తోంది, కారు వస్తే రావడం లేదు: మీ అనుభవాలు చెప్పండి

గేటుకన్ను:
గేటు స్తంభం మీద కెమెరా పెట్టి మూడు నెలలైంది. మనిషి నడిచి వస్తే వెంటనే ఫోన్ మోగుతుంది. కారు వస్తే మాత్రం పదిసార్లలో మూడు నాలుగు సార్లే. పోయిన వారం రాత్రి ఎవరిదో కారు రివర్స్ చేస్తూ వచ్చి ఆ స్తంభాన్నే గుద్ది వెళ్లిపోయింది. క్లిప్ తెరిస్తే దూరంగా పోతున్న వెనక లైట్లు తప్ప ఏమీ లేదు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, నాకు టెన్షన్‌గా ఉంది.

బ్యాటరీ కెమెరా, 3 మీటర్ల ఎత్తులో ఉంది. సందు చివరిదాకా తిన్నగా చూస్తుంది, బండ్లు దానికి ఎదురుగా వస్తాయి. యాప్‌లో వాహనాల ఆప్షన్ ఆన్‌లోనే ఉంది. సెన్సిటివిటీ చివరిదాకా పెంచితే ఎండలో కొమ్మ ఊగినా అలర్ట్ వస్తోంది గానీ కార్ల సంగతి మారలేదు.

వైరుముక్క:
వెనక లైట్లు దొరికాయంటే కెమెరా అసలు గమనించలేదని కాదండి, ఆలస్యంగా లేచింది. బ్యాటరీ కెమెరా ఎప్పుడూ మెలకువగా ఉండదు. ఛార్జింగ్ ఆదా కోసం నిద్రలో ఉంటుంది, పీఐఆర్ సెన్సార్ (ఒంటి వేడి, ఇంజిన్ వేడి లాంటివి కదిలితే పసిగట్టే చిన్న భాగం) లేపితేనే రికార్డింగ్ మొదలవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. లేవడానికి రెండు సెకన్లు పట్టినా కారు 20 మీటర్లు వచ్చేసి ఉంటుంది.

అసలు చిక్కు మీరు చెప్పిన 'ఎదురుగా' అన్న మాటలో ఉంది. సెన్సార్ ముందుండే లెన్స్ దాని చూపును పక్కపక్కన ముక్కలుగా చీలుస్తుంది. వేడిగా ఉన్నది ఒక ముక్కలోంచి పక్క ముక్కలోకి దాటినప్పుడే సంకేతం గట్టిగా పుడుతుంది. అడ్డంగా పోయే బండి అన్ని ముక్కలూ దాటుతుంది. ఎదురుగా వచ్చేది చాలాసేపు ఒకే ముక్కలో ఉండిపోతుంది. పైగా ఆ రోజు కారు వెనక్కి వచ్చింది కాబట్టి ఇంజిన్ వేడి అటువైపు ఉంది, కెమెరాకు కనిపించింది చల్లటి డిక్కీ. సెన్సిటివిటీ ఎంత పెంచినా కోణం మారకపోతే పెద్దగా లాభం ఉండదు. కెమెరాను పక్క గోడకు మార్చి, సందు ఏటవాలుగా కనిపించేలా తిప్పి చూడండి.

ఇంకొకటి. ఎండ మండే మధ్యాహ్నం రోడ్డు వేడీ బండి వేడీ దగ్గర దగ్గరగా ఉంటాయి. అప్పుడు కూడా ఈ సెన్సార్ తడబడుతుంది. అందుకని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, మూడు వేళల్లోనూ పరీక్షించండి.

నీడపట్టు:
నా బాధ దీనికి పూర్తిగా తలకిందులు. కారు వాకిట్లోనే ఉంటుంది, కదలదు. రాత్రంతా 'వాహనం కనిపించింది' అని అలర్ట్‌లు. ఇది కరెంటు కెమెరా, పీఐఆర్ లేదు. రోడ్డు మీద ఏ బండి పోయినా దాని లైటు నా కారు మీద పడుతుంది. ఆ వెలుగు మార్పును కెమెరా కదలిక అనుకుని చూస్తుంది, అక్కడ నిజంగానే కారు ఉంది, ఇంకేముంది, అలర్ట్. ఇది తేల్చుకోవడానికి నాకు నెల పట్టింది. చివరికి నా కారు నిలిపే చోటును జోన్‌లోంచి, అంటే అలర్ట్ కోసం కెమెరా గమనించాలని యాప్‌లో మనం గీసే హద్దులోంచి, తీసేశాను, గేటు దారి మాత్రం ఉంచాను. ఇప్పుడు నిద్ర పడుతోంది.

రెండోషిఫ్టు:
నీడపట్టు గారి పద్ధతి మంచిదే, కానీ జోన్‌ను మరీ ఇరుకుగా గీయకండి. నేను గేటు వరకే చిన్న చతురస్రం గీసి దెబ్బతిన్నాను. కారు జోన్‌లోకి వచ్చి, గుర్తింపు అయ్యేలోపే దాటిపోయేది. గీత దాటితే అలర్ట్ ఇచ్చే ఆప్షన్‌కూ ఇదే వర్తిస్తుంది. గీతను ఫ్రేమ్ అంచున గీస్తే పని చేయదు, దాటక ముందూ దాటిన తర్వాతా బండి కాసేపు కనిపించాలి.

రాత్రి సంగతి వేరే చెప్పాలి. చీకట్లో కెమెరా షట్టర్ స్పీడ్ తగ్గించేస్తుంది, అంటే వెలుగు చాలక ఒక్కో ఫ్రేమ్‌ను ఎక్కువసేపు తీస్తుంది. 1/25 సెకను దగ్గర ఉందనుకోండి, సెకనుకు 10 మీటర్లు పోయే కారు ఆ ఒక్క ఫ్రేమ్‌లోనే 40 సెంటీమీటర్లు జరుగుతుంది. బొమ్మ అలుక్కుపోతుంది. దానికి తోడు హెడ్‌లైట్ నేరుగా లెన్స్‌లో పడితే రెండు తెల్లటి గుండ్రాలు తప్ప బండి ఆకారమే ఉండదు. ఆకారం లేనిదాన్ని కారని ఎలా గుర్తుపడుతుంది? నేను షట్టర్‌ను 1/100కు మార్చి, గేటు పక్కన ఒక మామూలు లైటు పెట్టాను. లైటు లేకుండా షట్టర్ ఒక్కటే మారిస్తే మొత్తం నల్లగా వస్తుంది, రెండూ కలిసి చేయాలి. లెన్స్ ముందు సాలెగూడు ఉంటే తుడిచేయండి, కెమెరా రాత్రిపూట వేసే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో అది తెల్లగా మెరిసి ఫోకస్‌నే పాడు చేస్తుంది.

గేటుకన్ను:
వైరుముక్క గారూ, కోణం మాట నాకు తట్టనేలేదు. ఆదివారం మారుస్తాను. ఒక సందేహం. కొన్ని క్లిపుల్లో కారు మొత్తం స్పష్టంగా ఉంది, అయినా అలర్ట్‌లో 'వాహనం' అని కాకుండా 'కదలిక' అని వస్తోంది. ఇదీ పీఐఆర్ వల్లేనా?

పాతకంప్యూటరు:
కాదు, అది తర్వాతి మెట్టు. సెన్సార్ లేపింది, రికార్డయింది, కానీ ఆ బొమ్మలో ఉన్నది కారని సాఫ్ట్‌వేర్ తేల్చుకోలేదు. మనిషా కారా అని గుర్తించే మోడల్ (ఫోటోలు చూసి నేర్చుకున్న ప్రోగ్రామ్) మీరు చూసే పెద్ద వీడియోను చూడదు. చాలా మోడళ్లు 320×320 లేదా 640×640 పిక్సెళ్లకు కుదించిన బొమ్మను చూస్తాయి. మీకు పెద్దగా కనిపించే కారు దానికి వేలిగోరంత ఉండొచ్చు. ఎత్తు కూడా చూసుకోండి. బాగా పైనుంచి చూస్తే కారు పైకప్పే కనిపిస్తుంది, మోడళ్లు నేర్చుకున్న ఫోటోల్లో ఎక్కువ భాగం మనిషి కంటి ఎత్తు నుంచి తీసినవి. కొంచెం దించితే తేడా తెలుస్తుంది.

నేను పాత కంప్యూటర్‌లో ఫ్రిగేట్ అనే, కెమెరా వీడియోలో మనుషులను, బండ్లను గుర్తించే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను, కెమెరాలన్నీ వైరువే. మొదటి రెండు వారాలు ఒక్క కారూ పట్టలేదు. కెమెరాలు మార్చాలేమో అనుకున్నాను. తీరా చూస్తే ఫ్రిగేట్ మనం చెప్పకపోతే మనుషులను మాత్రమే చూస్తుంది, కారును జాబితాలో మనమే చేర్చాలి. చేర్చాక కార్లు కనిపించాయి గానీ జోన్‌లోకి వచ్చినట్టు నమోదు కాలేదు. దానికి కారణం, జోన్ లెక్కకు అది బండి చుట్టూ గీసే పెట్టె అడుగు గీత మధ్య బిందువునే తీసుకుంటుంది. నేను జోన్‌ను బండి నడుం ఎత్తులో గీశాను. చక్రాలు నేలను తాకే చోటు లోపలికి వచ్చేలా గీస్తే సరిపోయింది.

మీ యాప్‌లో ఇవేవీ కనిపించకపోవచ్చు, కానీ జోన్‌ను నేల మీద గీయాలన్న సూత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

నీడపట్టు:
ఫోన్ బ్యాటరీ సేవర్ కూడా ఒకసారి చూడండి. యాప్‌ను వెనకాల నిద్రపుచ్చితే అలర్ట్ బాగా ఆలస్యంగా రావచ్చు. క్లిప్ సమయమూ అలర్ట్ సమయమూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

గేటుకన్ను:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. కెమెరాను ఎదురు గోడకు మార్చాను, ఎత్తు రెండున్నర మీటర్లకు దించాను, సందు ఏటవాలుగా కనిపిస్తోంది. సెన్సిటివిటీని మధ్యకు తెచ్చాను. జోన్‌ను నేల మీద, గేటుకు అటూ ఇటూ కాస్త వెడల్పుగా గీశాను. వచ్చిన ప్రతి బండినీ అమ్మ కాగితం మీద రాసింది. మొత్తం 22, అందులో 19కి అలర్ట్ వచ్చింది. తప్పిన మూడింటిలో రెండు మిట్టమధ్యాహ్నం వచ్చినవే, వైరుముక్క గారు చెప్పిన వేళే. మూడోది మా కారే, పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో బయటికి వెళ్లినప్పుడు.

కొమ్మ ఊగితే వచ్చే అలర్ట్‌లు ఆగిపోయాయి. 'కదలిక' అని కాకుండా 'వాహనం' అనే వస్తోంది, రాత్రి కూడా. లైటు ఇంకా పెట్టలేదు, అదే తర్వాతి పని.

వైరుముక్క:
చాలా సంతోషమండి. ఆ మధ్యాహ్నంవి బ్యాటరీ కెమెరాతో పూర్తిగా పోవు. ఒక్క బండి కూడా తప్పకూడదంటే వైరు లాగి, ఎప్పుడూ రికార్డ్ చేసే కెమెరా పెట్టాల్సిందే. అప్పుడు అలర్ట్ తప్పినా వీడియో తప్పదు.

గేటుకన్ను:
వైరు లాగిస్తాను, అప్పటిదాకా ఇది ఉంటుంది. నిన్న రాత్రి పదకొండు దాటాక తెలియని కారు ఒకటి సందులోకి వచ్చి గేటు ముందు తిప్పుకుంది. అది రివర్స్ గేరు వేయకముందే నా ఫోన్ మోగింది. అమ్మకు చేసి చెప్పాను, బయటి లైటు వేసింది. కారు ఏమీ తగలకుండా వెళ్లిపోయింది.