బూట్లా, జోళ్ళా? కిల్టుతో వేసుకునేవాటికి ఏ మాట వాడాలి?

అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర పొరబడ్డాను. దాని వల్ల మా ఇంట్లో అనవసరంగా ఖర్చయింది కూడా. ఇంకోసారి అలా కాకూడదని ఇక్కడ అడుగుతున్నాను.

మా మేనల్లుడి పెళ్ళి స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో. అమ్మాయిది ఆ ఊరే. పెళ్ళిరోజు మగపెళ్ళివారిలో ఇష్టమున్నవాళ్ళు కిల్టు (అక్కడి మగవాళ్ళు నడుముకి చుట్టుకునే కుచ్చిళ్ళ బట్ట) కట్టుకుంటే సంతోషిస్తామని వాళ్ళు అడిగారు. మర్నాడు అందరూ కలిసి ఊళ్ళోనే ఉన్న ఆర్థర్స్ సీట్ గుట్ట ఎక్కుతారట. 251 మీటర్ల ఎత్తు, గాలి, తడి గడ్డి. ఏ రోజు కాళ్ళకి ఏం వేసుకోవాలో అమ్మాయి వాళ్ళమ్మగారు ఇంగ్లీషులో చక్కగా రాసి పంపారు. ఇక్కడి పెద్దవాళ్ళ కోసం దాన్ని నేను తెలుగులో పెట్టాను.

ఆవిడ పెళ్ళికి ‘షూస్’ అని, గుట్టకి ‘బూట్స్’ అని రాశారు. నేను రెండుచోట్లా ‘బూట్లు’ అన్నాను. చిన్నప్పుడు నేను బడికి వేసుకెళ్ళినవీ బూట్లే, మా వీధిలో ఉండే పోలీసాయన వేసుకున్నవీ బూట్లే. నాకు తేడా తట్టలేదు. మా బావగారు పెళ్ళికని పిక్కల దాకా వచ్చే నల్లతోలు బూట్లు కొనేశారు. తప్పు ఆయనది కాదు, నా తెలుగుది.

అవెందుకు కుదరవో చెబుతాను. కిల్టు అంచు మోకాలిచిప్ప దగ్గర ఆగుతుంది. మోకాలి కిందనుంచి ఉన్ని మేజోళ్ళు మొదలవుతాయి, వాటి పై అంచుని మడుస్తారు. ఆ మడత కింద రంగుపట్టీలు కనబడాలి. కుడికాలి మేజోడులో చిన్న కత్తి దోపుకుంటారు, దాని పిడి కనబడాలి. పొడుగు బూటు వేస్తే ఇవన్నీ మూసుకుపోతాయి. మనిషి కాలు కూడా పొట్టిగా కనిపిస్తుంది.

నా ప్రశ్న ఇది. చీలమండ కిందే ఆగిపోయేదానికీ, చీలమండ దాటి పైకొచ్చేదానికీ తెలుగులో రెండు వేరువేరు మాటలు ఉన్నాయా?

జవాబు

అమ్మా, మా తాతగారు (తెనాలి దగ్గర) ‘బూట్లు’ అనే మాట వాడగా నేను వినలేదు. ఆయనకి అన్నీ జోళ్ళే. జోడు అంటే జత కదా, కాళ్ళకి జతగా వేసుకునేవి జోళ్ళు. ‘మేజోళ్ళు’లోనూ ఆ మాట అలాగే ఉంది. చీలమండ కిందే ఆగేవాటిని ‘జోళ్ళు’ అనండి, దాటేవాటిని ‘బూట్లు’ అనండి. కొత్త మాట పుట్టించే పని లేదు, ఉన్న రెండింటికీ పని పంచితే చాలు.

జవాబు

పైన జవాబిచ్చిన మాస్టారి మాట బాగుంది గానీ, మా కరీంనగర్ వైపు జోళ్ళు అంటే పిల్లలకి చప్పున తెలియదు. చెప్పులు, షూస్, బూట్లు, ఇవే మాటలు. ‘షూస్’ అని తెలుగులోనే రాసేస్తే ఏం పోయింది? అందరికీ అర్థమయ్యేదే కదా. నాకు అసలు పట్టుకున్నది ఇంకోటి. అక్క ‘కిల్టు కట్టుకుంటే’ అని రాసింది. కుట్టిన బట్టని కట్టుకుంటాం అనొచ్చా? తొడుక్కుంటాం అనాలి కదా?

జవాబు (ప్రశ్న అడిగినావిడ)

తమ్ముడూ, దాని మీద నేను చాలాసేపు ఆలోచించాను. లంగా కుట్టిందే, అయినా కట్టుకుంటాం అనే అంటాం. ఒంటి చుట్టూ తిరిగి నడుం దగ్గర బిగిసేది కట్టు. చెయ్యో కాలో దూర్చేది తొడుగు. అందుకే ప్యాంటు కట్టుకోం. కిల్టుకి కాళ్ళు దూర్చేది ఏమీ లేదు. దాదాపు ఎనిమిది గజాల ఉన్నిబట్ట, కుచ్చిళ్ళన్నీ వెనక్కి, ముందు రెండు పొరలు ఒకదాని మీద ఒకటి, పక్కన బకిల్‌తో బిగింపు. కుచ్చిళ్ళు ఇప్పుడు కుట్టేసి వస్తున్నాయి. పూర్వం హైలాండ్స్‌లో (స్కాట్లాండ్ కొండప్రాంతంలో) అది కుట్టని పొడుగు గుడ్డే. చేత్తో కుచ్చిళ్ళు పోసి, నడుముకి పటకా బిగించి, మిగిలింది భుజం మీద వేసుకునేవారు. చీర కట్టే మనిషికి అది విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి చూసి నాకు ఒళ్ళు పులకరించింది. ‘కిల్ట్’ అనే మాట స్కాండినేవియా భాషల నుంచి వచ్చింది. స్కాట్లాండ్‌లో అది మొదట క్రియ, బట్టని పైకి లాగి నడుం దగ్గర దోపడం అని అర్థం. అంటే అచ్చంగా మన ‘ఎగ్గట్టు’! నాట్లకి దిగేముందు మా అమ్మమ్మ చీర ఎగ్గట్టేది. ఆ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరే బట్టకి పేరైంది.

జవాబు

‘ఎగ్గట్టు’ విని ఆగలేకపోయాను. గ్లాస్గోలో ఎనిమిదేళ్ళున్నాను, నాకు తెలిసింది చెబుతాను. పెళ్ళికి వేసుకునేవాటిని అక్కడ గిల్లీ బ్రోగ్‌లు అంటారు. గేలిక్‌లో (స్కాట్లాండ్ పాత భాషలో) బ్రోగ్ అంటే జోడే, గిల్లీ అంటే కుర్రవాడు, వెంట ఉండే పనివాడు. అంటే పనివాళ్ళ జోళ్ళు. లేసుల కింద ఉండే తోలు నాలుక వీటికి ఉండదు, తడిస్తే తొందరగా ఆరాలని. వేసుకునేటప్పుడు పొడుగు లేసుల్ని బిగించి, ముందువైపు మూడు నాలుగు మెలికలు తిప్పి, చీలమండ చుట్టూ వెనక్కి తెచ్చి ముడేస్తారు. పిక్క మీదకి ఎగబాకనివ్వకూడదు, చీలమండ దగ్గరే ఆగాలి. మొదటిసారి నాకు ఇరవై నిమిషాలు పట్టింది, కొసలు రెండు కాళ్ళకీ ఒక్కలా వేలాడాలి మరి.

మీ లెక్కలో చూస్తే ఇది కాలికి తొడిగి, చీలమండకి కట్టేది.

గుట్టకి మాత్రం బూట్లే. ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి వెళ్ళే స్కాట్లాండ్ అభిమానులు కిల్టు మీద బూట్లేసుకుని గుంపులుగా కనిపిస్తారు, ఎవరూ తప్పు పట్టరు. చీలమండ పైకి నాలుగు వేళ్ళ ఎత్తు చాలు. మందపాటి మేజోడుని కిందికి లాగి బూటు అంచు మీద మడవాలి. అడుగు మందంగా, గాట్లతో ఉండాలి. కిల్టు బరువైన బట్ట. దాని కింద పల్చటి ఆఫీసు షూ నా కంటికి ఆనదు.

జవాబు (ప్రశ్న అడిగినావిడ)

అందరికీ ధన్యవాదాలు. మార్చిన తెలుగు ఇది. పెద్దవాళ్ళకి పంపేముందు ఎవరైనా దిద్దితే సంతోషం:

“పెళ్ళిరోజు: చీలమండ కిందే ఆగే నల్ల జోళ్ళు (షూస్). నాలుక ఉండదు, లేసులు చీలమండకి చుట్టి కట్టుకోవాలి. మేజోళ్ళు మోకాలి కింద దాకా. గుట్ట ఎక్కే రోజు: చీలమండ దాటే బూట్లు, మందపాటి అడుగు. మేజోళ్ళు కిందికి లాగి బూటు మీద మడవాలి. పిక్కల దాకా వచ్చే బూట్లు రెండు రోజులకీ వద్దు.”

‘షూస్’ని బ్రాకెట్‌లో కరీంనగర్ తమ్ముడి కోసం ఉంచాను. బావగారి బూట్లు కొన్న షాపువాళ్ళు వెనక్కి తీసుకుంటామన్నారు. గుట్టకి కావలసినవి ఈ వారమే కొని, రోజూ సాయంత్రం ఒక గంట వేసుకుని నడవమన్నాను.