గ్యాస్ బండ లెక్కలో 73 రోజులు వస్తోంది, ఎక్కడ తప్పాం?

ప్రశ్న:
మా బాబు తొమ్మిదో తరగతి. గ్రాఫ్‌లో వాలు (గీత ఎంత ఏటవాలుగా ఉందో), అంతరఖండం (గీత అక్షాన్ని ఎక్కడ తాకుతుందో) సూత్రాలు గడగడా అప్పజెబుతాడు గానీ అవి ఏం చెబుతున్నాయో వాడికి పట్టుబడటం లేదు, అందుకని ఇంట్లో గ్యాస్ బండనే లెక్కకి తీసుకున్నాం. మాది కిరాణా కొట్టు, కాటా ఉంది. కొత్త బండ 29.5 కిలోలు తూగింది. అయిదు రోజులయ్యాక రెగ్యులేటర్ తీసి మళ్ళీ తూచాం, 27.5. పదో రోజు 25.5. మూడు చుక్కలూ ఒకే గీత మీద పడేసరికి వాడి సంతోషం చూడాలి! బరువు = 29.5 − 0.4 × రోజులు అని రాశాడు. తీరా బరువు సున్నా ఎప్పుడవుతుందా అని చూస్తే 73.75 రోజులు. మాకు బండ నెలా అయిదారు రోజులకి మించి ఎప్పుడూ రాలేదు. ఎందుకని వాడు అడిగితే చెప్పలేకపోయాను.

జవాబు 1:
లెక్క సరిగ్గానే ఉందండీ. మీరు తూచింది ఒక్క గ్యాస్‌ని కాదు, బండతో కలిపి. ఆ బరువు సున్నా కావాలంటే ఇనుము కూడా మాయమైపోవాలి! పిడి కింద నిలువు పట్టీల మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, చూడండి. ఇళ్ళకిచ్చే బండలో గ్యాస్ 14.2 కిలోలు, కాబట్టి మీది 15.3 దగ్గర ఉండాలి. (ఎ, బి, సి, డిలలో ఒక అక్షరం, పక్కన రెండంకెలు ఉంటే అది బండకి మళ్ళీ పరీక్ష చేయించాల్సిన గడువు, దాన్ని బరువనుకోకండి.)

అడిగినవారు:
చూశాం, 15.3 అనే ఉంది! మరి గ్యాస్ అయిపోయే రోజుని గ్రాఫ్‌లో ఎక్కడ వెతకాలి?

జవాబు 2:
15.3 దగ్గర అడ్డంగా గీత గీయమనండి. మీ గీత దాన్ని తాకే చోటే పొయ్యి ఆరిపోయే రోజు, 14.2ని 0.4తో భాగిస్తే 35.5. గీతని అక్కడే ఆపేయాలి. ఇప్పుడు ప్రతి బరువులోంచీ 15.3 తీసేసి ఇంకోసారి గీయించండి. గీత మొత్తం కిందికి దిగుతుంది, వై అంతరఖండం 14.2, అంటే మొదటి రోజున్న గ్యాస్, ఎక్స్ అంతరఖండం 35.5, అంటే అయిపోయే రోజు. వాలు మాత్రం అదే మైనస్ 0.4, ఎందుకంటే ఖాళీ బండ బరువు మారదు, తగ్గేదల్లా గ్యాసే. నేను ట్యూషన్‌లో వాలుని అంకెగా వదలనివ్వను, "రోజుకి 400 గ్రాముల చొప్పున తగ్గుతోంది" అని మాటల్లో రాయిస్తాను.

జవాబు 3:
పండక్కి అరిసెలు వండే వారం కూడా తూయించండి. ఆ చుక్కలు పాత గీతకి కిందే పడతాయి, రోజుకయ్యే గ్యాస్ పెరిగింది కదా, 35.5 కన్నా ముందే బండ ఖాళీ అవుతుంది.