అప్‌డేట్: పెయింట్‌కి ముందు విండ్‌షీల్డ్ తీయాలా, టేప్ వేస్తే చాలా?

కారు రంగు మార్చేటప్పుడు అద్దాలు విప్పాలా అని అడిగాను కదా, పని అయిపోయింది. విండ్‌షీల్డ్ (ముందువైపు అద్దం) తీసే చేశాం. టేప్ వేసి కొడితే రబ్బరు అంచు దగ్గర రంగు గీతలా ఆగిపోతుంది, తర్వాత పొర లేచేది అక్కడినుంచే.

వైపర్లు, వాటి కింది ప్లాస్టిక్ కవరు, పక్క పిల్లర్ల ట్రిమ్, అద్దం మీది సెన్సర్ కనెక్టర్ ముందే విప్పాలి. అద్దాన్ని ఫ్రేముకి అతికించే జిగురు, అంటే యూరిథేన్, కోయడానికి కత్తికన్నా వైరు నయం. కత్తి ఫ్రేముని గీరితే తుప్పు మొదలయ్యేది అక్కడే. గీత పడితే ప్రైమర్ తప్పనిసరి.

పాత యూరిథేన్‌ని మొత్తం గీకేయొద్దు. 1–2 మి.మీ. పొర వదిలితే కొత్తది దాన్నే పట్టుకుంటుంది. ఆ పట్టీకి టేప్ వేసి రంగు తగలకుండా చూడాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: తాజా పెయింట్ మీద అతికిస్తే, అద్దాన్ని ఆపేది ఆ పెయింట్ పొర ఒక్కటే!

కొత్త యూరిథేన్‌ని V కోత పెట్టిన నాజిల్‌తో, ఎక్కడా తెగకుండా ఒకే తీగలా వేయాలి. తెగిన చోట నీళ్లు కారతాయి. ఆరేదాకా ఒక డోర్ అద్దం కాస్త దించి ఉంచండి, లేదంటే డోర్ గట్టిగా వేసినప్పుడు లోపలి గాలి విండ్‌షీల్డ్‌ని బయటికి తోస్తుంది. ఎన్ని గంటలు ఆగాలో ట్యూబు మీదే ఉంటుంది. అద్దం వెనక కెమెరా ఉంటే దానికి క్యాలిబ్రేషన్ (గురి మళ్లీ సరిచేయడం) చేయించాలి.

అద్దాలకి టింట్ (రంగు ఫిల్మ్) వేయడానికైతే ఇంత తతంగం అక్కర్లేదు. ఫిల్మ్ వేసేది లోపలివైపే, డోర్ అద్దానికి లోపలి బీడింగ్ తీస్తే చాలు.