కుడి తొడ నరంలో ఎంపీఎన్ఎస్‌టీ (నరం పొరలో వచ్చే క్యాన్సర్ గడ్డ): కోడ్ సి47 వేయాలా, సి49 వేయాలా?

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో అమెరికా పేషెంట్ల చార్టులు చూసి జబ్బులకు కోడ్‌లు వేసే మెడికల్ కోడర్‌ని, ఆంకాలజీ (క్యాన్సర్) కేసుల్లోకి మారి నాలుగు నెలలే. నిన్నటి చార్ట్‌లో పేషెంట్‌కి కుడి తొడలో గడ్డ, సయాటిక్ నరం నుంచే పుట్టిందని సర్జన్ రాశారు, పెథాలజీ రిపోర్ట్‌లో మాలిగ్నెంట్ పెరిఫెరల్ నర్వ్ షీత్ ట్యూమర్ (ఎంపీఎన్ఎస్‌టీ) అని స్పష్టంగా ఉంది. నేను ఐసీడీ-10-సీఎంలో (అమెరికాలో వాడే జబ్బుల కోడ్‌ల జాబితా) సి47.21 వేశాను, న్యూరోఫైబ్రోమటోసిస్ టైప్ 1 (నరాల మీద గడ్డలు వచ్చే జన్యు జబ్బు) కూడా ఉంది కాబట్టి క్యూ85.01 కలిపాను. ఆడిటర్ మాత్రం "సార్కోమా కదా, సి49.21 వెయ్యాలి" అని ఎర్రర్ పెట్టారు. (సార్కోమా అంటే కండరం, కొవ్వు, ఎముక లాంటి కణజాలాల్లో వచ్చే క్యాన్సర్.)

నాకు తెలిసినంతలో సి49 కండరం, కొవ్వు, టెండన్ లాంటి వాటికి, పెరిఫెరల్ నరాలకి (మెదడు, వెన్నుపాము బయట ఉండే నరాలు) విడిగా సి47 ఉండనే ఉంది. సార్కోమా అన్న మాట కనబడగానే సి49కి పరిగెత్తితే ఎలా? లైపోసార్కోమా (కొవ్వు కణాల సార్కోమా) కూడా రెట్రోపెరిటోనియంలో (కడుపు లోపల వెనక భాగం) ఉంటే సి48.0కి పోతుంది కదా.

ఇలాంటి కేసులు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, రీబటల్‌లో (ఎర్రర్ తప్పని ఆడిటర్‌కి రాసే జవాబు) ఐసీడీ ఇండెక్స్‌లోని ఏ ఎంట్రీ చూపిస్తే ఒప్పుకుంటారో చెప్పండి. ఎంపీఎన్ఎస్‌టీకి పాత పేరైన న్యూరోఫైబ్రోసార్కోమా కింద చూపిద్దామా అనుకుంటున్నాను. రేపు సాయంత్రమే గడువు, క్వాలిటీ స్కోర్ పడిపోతుందని ఒకటే టెన్షన్.